గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లినవాళ్లకి

ఈసారి ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి మీద వచ్చాయి. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకచోట చేరి మాట్లాడుకునే మీటింగులు ఉంటాయట కదా, అవి ఎక్కడ, ఎలా వెళ్లాలి, వెళ్తే ఏం చేస్తారు, అసలు పని చేస్తాయా అని. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి తోసేసి వీటికే జవాబులు రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను. తాగి, మానేసి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ మానేసినవాణ్ని. ఆఖరిసారి మానేసి 14 ఏళ్లు దాటింది. నా పేరేమిటో, ఏ గ్రూపుకి వెళ్తానో రాయను. ఇలాంటి గ్రూపుల్లో ఉన్నవాళ్లు పత్రికల్లో పేరుతో ఆ సంగతి చెప్పుకోకూడదని ఎప్పటినుంచో ఒక కట్టుబాటు ఉంది, అది మంచిదే. లేకపోతే నాలాంటివాడు నాలుగు రోజులు మానగానే ఫోటో వేయించుకుని అందరికీ నీతులు చెప్పడం మొదలుపెడతాడు, ఐదో రోజు ఏమవుతుందో మీకు తెలుసు.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రోజూ తాగను గానీ మొదలుపెడితే ఆపలేను. మీటింగుకి వెళ్దామని మూడుసార్లు బయల్దేరాను. రెండుసార్లు దారిలోంచే తిరిగొచ్చాను. మూడోసారి గుమ్మం దాకా వెళ్లి, లోపల మాటలు వినబడగానే వెనక్కి వచ్చేశాను. తెలిసినవాళ్లెవరైనా ఉంటే ఎలా? లేచి నిలబడి నేను తాగుబోతునని అందరి ముందూ చెప్పాలా? అసలు మంచి మీటింగు ఏదో ఎలా తెలుస్తుంది?

జవాబు: నేను మెట్ల మీద కూర్చున్నాను. మీటింగు రెండో అంతస్తులో, నేను మొదటి అంతస్తు మలుపు దగ్గర. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక సాకు ఉండాలి కదా, అందుకని చెప్పు తెగినట్టు దాన్ని విప్పి చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. చెప్పు శుభ్రంగా ఉంది. ఒక పెద్దాయన మెట్లెక్కుతూ నా దగ్గర ఆగి, "మొదటిసారా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "వెనకవైపు కుర్చీలు ఖాళీగా ఉంటాయి" అని చెప్పి పైకి వెళ్లిపోయాడు. చెప్పు వేసుకుని వెనకాలే వెళ్లాను. లోపల ఎవరో పేపర్ కప్పులో టీ ఇచ్చారు, సగమే పోశారు. ఇదేం పిసినారితనం అనుకున్నాను. కొన్ని నెలల తర్వాత టీ పోసే వంతు నాకు వచ్చినప్పుడు తెలిసింది, కొత్తగా వచ్చినవాళ్ల చేతులు వణుకుతుంటాయి, నిండా పోస్తే ఒలికిపోయి నలుగురిలో చిన్నబోతారని కావాలనే సగం పోస్తారట.

ఇంక మీ భయం సంగతి. తెలిసినవాడు లోపల కనబడితే అతనూ మీలాగే వచ్చినట్టు. మీరు అతన్ని చూశారు, అతను మిమ్మల్ని చూశాడు, ఇద్దరి గుట్టూ ఇద్దరి చేతుల్లో ఉంది. అక్కడ విన్నది అక్కడే వదిలేసి వెళ్లాలని ప్రతి మీటింగులోనూ చెబుతారు, చాలావరకు పాటిస్తారు. అందరూ మనుషులే కాబట్టి నూటికి నూరుపాళ్లు అని నేను హామీ ఇవ్వను, అందుకే మొదట్లో ఆఫీసు పేరు, ఇంటి పేరు లాంటివి చెప్పకపోతే నయం. తూలుకుంటూ ఇంటికి వెళ్లేటప్పుడు ఎవరు చూస్తారోనని రాని సిగ్గు, మానడానికి వెళ్లేటప్పుడు ఎక్కడినుంచి వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ అందరికీ వస్తుంది.

లేచి నిలబడనక్కర్లేదు. "ఈరోజు నేను వింటాను" అంటే చాలు, ఎవరూ రెండోసారి అడగరు. చాలా మీటింగులు గంట, గంటన్నర ఉంటాయి. నడిపించే మనిషి మొదట ఒక చిన్న కాగితం చదువుతాడు, ఎవరో ఒకరు పన్నెండు మెట్లు, అంటే తాగుడులోంచి బయటపడటానికి ఒకదాని తర్వాత ఒకటిగా పాటించమని రాసుకున్న పన్నెండు మాటలు, చదువుతారు, ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ సంగతి చెప్పుకుంటారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో దూరి సలహాలివ్వరు. ఇది మొదట్లో వింతగా ఉంటుంది, ఎందుకంటే మన జీవితంలో మనం నోరు తెరిస్తే సలహా ఇవ్వనివాళ్లు ఇంతవరకు ఎదురుపడలేదు. పేరు అడిగితే ఏదో ఒక పేరు చెప్పండి, గుర్తింపు కార్డు చూపమనరు, ఫీజు లేదు. చివర్లో ఒక డబ్బానో సంచో తిరుగుతుంది, హాలు అద్దెకీ టీకీ వాళ్లే వేసుకుంటారు, బయటివాళ్ల చందాలు తీసుకోరు. కొత్తవాళ్లు పక్కవాళ్లకి అందిస్తే సరిపోతుంది. "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టడం అలవాటే గానీ రూలు కాదు. ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు, అందులో చేరడానికి ఉన్న షరతు ఒక్కటే: తాగుడు మానాలనే కోరిక. మానేసి రావాలని కూడా లేదు.

వెతకడం ఎలాగంటే, ముందు రెండు మాటలు తెలుసుకోండి. ఓపెన్ మీటింగ్ అంటే ఎవరైనా రావచ్చు, ఊరికే చూడ్డానికి వచ్చినా అభ్యంతరం లేదు. క్లోజ్డ్ మీటింగ్ అంటే తాగుడుతో ఇబ్బంది ఉన్నవాళ్లకి మాత్రమే. పేరు చూసి భయపడకండి, మీరు అందులోకి వెళ్లొచ్చు. ఏఏ అధికారిక వెబ్‌సైటులో మీ ప్రాంతపు ఆఫీసు వివరాలు దొరుకుతాయి, మీటింగ్ గైడ్ అని వాళ్లదే ఉచిత యాప్ ఒకటి ఉంది. అయినా నేను చెప్పేది, ఫోన్ చేయండి. జాబితాలు పాతబడిపోతుంటాయి, హాలు మారుతుంది, టైము మారుతుంది. అంత ధైర్యం చేసి వెళ్తే తలుపుకి తాళం కనబడితే ఇక మళ్లీ వెళ్లబుద్ధి కాదు. ఆ నంబర్లకి ఫోన్ ఎత్తేది కూడా చాలాచోట్ల ఒకప్పుడు తాగి మానేసినవాళ్లే. "నేను మొదటిసారి వస్తున్నాను, గేటు దగ్గర ఎవరైనా ఉంటారా" అని అడగండి. ఇదివరకు ఇలా అడిగిన మొదటి మనిషి మీరేమీ కారు. డీఅడిక్షన్ సెంటర్లలో, మానసిక వైద్యుల దగ్గర కూడా ఈ వివరాలు ఉంటాయి.

వీడియోలో జరిగే ఆన్‌లైన్ మీటింగులు ఏ టైముకి చూసినా ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉంటాయి. మీలా గుమ్మం దగ్గర ఆగిపోయేవాళ్లకి మొదటి అడుగుగా అవి మంచివే. ఒక్క ఇబ్బంది ఉంది. కెమెరా ఆపేసి, మ్యూట్‌లో పెట్టి, పక్కన గ్లాసు పెట్టుకుని కూడా కూర్చోవచ్చు. అందుకని నాలుగైదు ఆన్‌లైన్‌లో విన్నాక ఒక గదిలోకి వెళ్లండి.

మంచి మీటింగు ఏదని అడిగారు. ఏ గ్రూపు పద్ధతి దానిది. ఒకచోట నవ్వులు ఎక్కువ, ఒకచోట పుస్తకం ముందేసుకుని పేజీ పేజీ చదువుతారు, ఒకచోట ఒకాయన ఇరవై నిమిషాలు తన గొప్పలు చెబుతాడు. మొదటిది నచ్చకపోతే మీటింగులన్నీ ఇంతేనని తేల్చేయకండి, కనీసం ఐదారు చోట్లకి వెళ్లి చూడండి. పది నిమిషాలు ముందు వెళ్లి, అయిపోయాక ఇంకో పది నిమిషాలు ఉండండి. అసలు మీటింగు కుర్చీలు మడతపెట్టేటప్పుడు జరుగుతుంది. అప్పుడు రెండు ఫోన్ నంబర్లు అడిగి తీసుకోండి.

ఫోన్ నంబరు చిన్న విషయం అనుకోకండి. ఈ ఏఏ మొదలైందే ఒక ఫోన్ కాల్‌తో. 1935 మే నెల, అమెరికాలో ఆక్రన్ అనే ఊరు. బిల్ విల్సన్ అనే ఆయన మానేసి అప్పటికి ఐదు నెలలు. వ్యాపారం పని మీద వచ్చాడు, పని చెడింది, హోటల్ లాబీలో ఒక్కడే, ఒక పక్క బార్‌లోంచి మాటలూ నవ్వులూ. బార్‌లోకి వెళ్లకుండా ఫోన్ దగ్గరికి వెళ్లి, తనలాంటి తాగుబోతు ఎవరితోనైనా మాట్లాడాలని ఊళ్లో చర్చివాళ్లకి ఫోన్లు చేశాడు. అలా దొరికినాయన బాబ్ స్మిత్ అనే సర్జన్. పదిహేను నిమిషాలకన్నా ఉండనని చెప్పి వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. అంతకుముందు ఆయనకి బుద్ధి చెప్పినవాళ్లు బోలెడుమంది. తన తాగుడు గురించి తాను చెప్పుకున్న మనిషి ఇతనే మొదటివాడు.

ప్రశ్న: 15 ఏళ్లుగా తాగుతున్నాను. ఈమధ్య పొద్దున్నే కొంచెం పడకపోతే చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి. రేపటినుంచి ఒక్క చుక్క ముట్టకుండా ఎల్లుండి మీటింగుకి వెళ్తానని ఒట్టు పెట్టుకున్నాను. నా నిర్ణయం సరైనదేనా?

జవాబు: మానాలన్న నిర్ణయం సరైనదే, రేపటినుంచి ఒక్కసారిగా మీ అంతట మీరే ఆపేయడం మాత్రం వద్దు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఈరోజే. మీ ఉత్తరంలో అక్షరాలు చూశాను, ఏ పూట రాశారో తెలుస్తూనే ఉంది.

ఏళ్ల తరబడి రోజూ తాగితే మెదడు దానికి అలవాటుపడిపోతుంది. మందు బ్రేకు వేస్తుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుని ఉంటుంది. మీరు హఠాత్తుగా బ్రేకు తీసేస్తే యాక్సిలరేటర్ అలాగే ఉండిపోతుంది. ఆపిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, గుండె దడ మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. ఇంకా కొందరికి 48 నుంచి 96 గంటల మధ్య మతి తప్పి, లేనివి కనబడి, ఒళ్లు కాలిపోతుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. తాగుడు మానేస్తూ మనిషి చనిపోవచ్చని చాలామందికి తెలియదు, తెలియక ఇంట్లోవాళ్లు గదిలో పెట్టి గొళ్లెం వేస్తుంటారు.

డాక్టరు కొన్ని రోజులపాటు మాత్రలిచ్చి, డోసు తగ్గించుకుంటూ వస్తారు. బీ1 విటమిన్ కూడా ఇస్తారు, దాన్ని థయమిన్ అంటారు, బాగా తాగేవాళ్లలో అది తగ్గిపోయి జ్ఞాపకశక్తి దెబ్బతింటుంది. ఇదివరకు ఎప్పుడైనా మానినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి, అలాంటప్పుడు ఆస్పత్రిలో ఉండటమే మంచిది. ఎంత తాగుతారో కూడా నిజం చెప్పండి. నేను డాక్టరుకి సగం చెప్పాను, ఆయన దాన్ని రెండింతలు చేసుకుని మాత్రలు రాశాడు, నాలాంటివాళ్లని చూసి అలవాటైన డాక్టరు కాబట్టి సరిపోయింది, అందరు డాక్టర్లూ అలా ఊహించలేరు. డాక్టర్ని చూసేలోపు ఫిట్స్ వచ్చినా, మాట తడబడి తికమకగా ఉన్నా, లేని మనుషులు కనబడినా ఆలస్యం చేయకుండా అంబులెన్స్ పిలవమని ఇంట్లో ఒకరికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

మీటింగు మాత్రం వాయిదా వేయనక్కర్లేదు. డాక్టర్ని చూశాక, ఆయన సరేనంటే, మాత్రలు వేసుకుంటూనే వెళ్లొచ్చు.

ప్రశ్న: మావారిని ఎలాగైనా మీటింగుకి తీసుకెళ్లాలని నా తాపత్రయం. ఆయనేమో "నేను అలాంటివాణ్ని కాను, అవి తాగుబోతులకి" అంటారు. బాటిల్స్ దాచాను, పారబోశాను, పిల్లల తల మీద ఒట్టు వేయించుకున్నాను. ఆయన పక్కన నేనూ కూర్చోవచ్చా?

జవాబు: ఓపెన్ మీటింగ్ అయితే కూర్చోవచ్చమ్మా. కానీ ఆయన వచ్చేదాకా ఆగకుండా ముందు మీరు వెళ్లండి, మీకోసం. తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకని అల్-అనాన్ అని వేరే గ్రూపులు ఉన్నాయి. ఇందాక చెప్పిన బిల్ విల్సన్ భార్య లోయిస్, ఇంకొకావిడ కలిసి 1951లో మొదలుపెట్టారు. భర్తలు లోపల మీటింగులో ఉంటే బయట కూర్చున్న ఆడవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడంలోంచి పుట్టిన ఆలోచన అది. అలాటీన్ అని పిల్లలకి కూడా ఉంది, 1957 నుంచి. మీ పెద్దబ్బాయి పదో తరగతి అని రాశారు, వాడికి పనికొస్తుంది. ఇంట్లో ఏం జరుగుతోందో పిల్లలకి తెలియదని మనం అనుకుంటాం, బైక్ ఆగిన చప్పుడు విని నాన్న ఎంత తాగాడో చెప్పగలిగేది వాళ్లే.

అక్కడ మొదటే మూడు మాటలు చెబుతారు. ఆయన తాగుడుకి కారణం మీరు కాదు, దాన్ని అదుపు చేయడం మీ వల్ల కాదు, నయం చేయడం మీ వల్ల కాదు. వినడానికి చేతులెత్తేసినట్టుంటుంది. కానీ బాటిల్స్ దాచి, పారబోసి, ఒట్లు వేయించి మీరు చేసిన పనుల్లో ఒక్కటైనా పని చేసిందా? నేను ఆ ఒట్లు వేసినవాణ్నే కాబట్టి చెబుతున్నాను, వేసేటప్పుడు అబద్ధం కాదు, సాయంత్రానికి గుర్తుండదు.

మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. పొద్దున్నే లేవలేకపోతే నా భార్య ఆఫీసుకి ఫోన్ చేసి "ఆయనకి జ్వరమండీ" అని చెప్పేది. ఎన్ని జ్వరాలో లెక్కలేదు. ఒకరోజు నంబరు కలిపి, రింగ్ అవుతుండగా ఫోన్ నా చేతిలో పెట్టి, "మీరే చెప్పండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. అరవలేదు, ఏడవలేదు. అవతల మేనేజరు హలో హలో అంటున్నాడు. అంత భయం నాకు ఏ లివర్ రిపోర్టు చూసినా వేయలేదు. తను అప్పటికి నాలుగు నెలలుగా అల్-అనాన్‌కి వెళ్తోందని తర్వాత తెలిసింది, కుట్టు క్లాసు అని చెప్పేది.

ఆయనతో మాట్లాడాలంటే తాగి ఉన్నప్పుడు వద్దు, ఆ రాత్రి జరిగిందంతా ఏకరువు పెట్టడమూ వద్దు. పొద్దున నిలకడగా ఉన్నప్పుడు ఒక్క సంగతి చెప్పండి: "మొన్న పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావడం మర్చిపోయారు, నాకు భయమేసింది. ఈ నంబరు ఉంచుకోండి." అంతటితో ఆపండి. తాగుబోతా కాదా అనే వాదనలోకి దిగకండి, అందులో ఆయనే గెలుస్తాడు, మాకు బాగా ప్రాక్టీసు. ఇంకోటి, కొడుతున్నారనే మాట ఉత్తరంలో కొట్టేసినట్టు కనబడింది. అదే నిజమైతే ఆయన తాగుడు సంగతి తర్వాత. ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటు చూసుకోండి, నమ్మకమైనవాళ్లకి ఒక్కరికైనా చెప్పి ఉంచండి.

ప్రశ్న: మీటింగుకి వెళ్తే అడుగడుగునా దేవుడే. నేను నాస్తికుణ్ని. నాకు దారి లేదా?

జవాబు: ఉంది. పన్నెండు మెట్లలో దేవుడి మాట చాలాసార్లు వస్తుంది, దాచడమెందుకు. "మేము అర్థం చేసుకున్న దేవుడు" అని ఒక వెసులుబాటు పెట్టారు, చాలామంది ఆ మాట పట్టుకుని గ్రూపునే తమకన్నా పెద్ద శక్తి అనుకుంటారు. నాదీ దాదాపు అదే బాపతు. ప్రార్థన చేసేటప్పుడు ఊరికే నిలబడతాను, ఎవరూ ఏమీ అనలేదు. ఏఏలోనే దేవుడి ప్రస్తావన లేని సెక్యులర్ మీటింగులు కూడా కొన్ని జరుగుతాయి. అదీ పొసగకపోతే స్మార్ట్ రికవరీ చూడండి. 1994 నుంచి ఉంది, మెట్లు లేవు, దేవుడు లేడు, తాగాలనిపించినప్పుడు మన ఆలోచన ఎలా నడుస్తోందో పట్టుకుని దాన్ని మార్చుకునే పద్ధతులు నేర్పుతారు, అక్కడ ఒకరితో ఒకరు చర్చించుకుంటారు కూడా. లైఫ్‌రింగ్ అని ఇంకోటి ఉంది. ఇవి అన్ని ఊళ్లలో దొరకవు, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఏ దారైనా సరే, దేవుడితో తగాదాని తాగడానికి సాకుగా వాడుకోకండి. నేను రెండేళ్లు వాడాను.

ప్రశ్న: ఏడు నెలలు మీటింగులకి వెళ్లి మానేశాను. స్నేహితుడి పెళ్లిలో ఒక్క పెగ్గు అన్నారు, ఆ రాత్రి ఎలా ముగిసిందో గుర్తులేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఆరు నెలల మెడల్ ఇచ్చినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు.

జవాబు: ఆ మొహమే పెట్టుకుని వెళ్లండి. డాక్టర్ బాబ్ గురించి పైన చెప్పాను కదా, బిల్‌ని కలిసి, తాగుడు మానేసిన కొన్ని వారాలకే ఒక వైద్యుల సమావేశానికని వేరే ఊరు వెళ్లి, రైలెక్కగానే మొదలుపెట్టి, ఇంటికి ఎలా చేరాడో తెలియని స్థితిలో వచ్చాడు. ఏఏ వాళ్లు చెప్పుకునే ప్రకారం, ఆ తర్వాత ఆయన ఆఖరిసారి తాగింది 1935 జూన్ 10న. అక్కడినుంచి 1950లో చనిపోయేదాకా ముట్టలేదు. ఏఏ వాళ్లు తమ సంస్థ పుట్టినరోజుగా లెక్కపెట్టేది ఆ జూన్ 10నే. అంటే ఇద్దరు కలుసుకున్న రోజు కాదు, జారిపడినవాడు లేచిన రోజు.

లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచే, అది నిజం, కడుపు మండుతుంది. ఏడు నెలల్లో నేర్చుకున్నది మాత్రం ఎక్కడికీ పోలేదు. వెళ్లి, "మళ్లీ తాగాను" అని రెండు మాటల్లో చెప్పి కూర్చోండి. ఆ మాట చెప్పినప్పుడు గదిలో తలలూపేవాళ్లని లెక్కపెట్టండి. తర్వాత మీ స్పాన్సర్‌తో, అంటే మానేసి కొంతకాలమై మీకు దారి చూపే మనిషితో, కూర్చుని ఆ పెళ్లి రోజుని వెనక్కి తిప్పి చూడండి. మొదటి పెగ్గు దగ్గర ఆగొద్దు, ఇంకా వెనక్కి వెళ్లండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఉందో చూడమంటారు పాతవాళ్లు. మీటింగులు ఎప్పటినుంచి తగ్గించారు? నా అనుభవంలో గ్లాసు పట్టుకోవడానికి నెల ముందే చేయి జారడం మొదలవుతుంది. అన్నట్టు, ఆ ఒక్క రాత్రితో ఆగక రోజుల తరబడి సాగి ఉంటే, మానేముందు మళ్లీ డాక్టర్ని కలవండి, పైన వణుకు సంగతి రాసింది మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: నేను ఆడదాన్ని, 41 ఏళ్లు. ఇంట్లో ఎవరికీ తెలియకుండా తాగుతాను. ఒక మీటింగుకి వెళ్తే ఇరవైమంది మగవాళ్లు, నేనొక్కదాన్నే. అయ్యాక ఒకాయన పదే పదే ఫోన్ నంబరు అడిగాడు. మళ్లీ వెళ్లాలనిపించడం లేదు.

జవాబు: ఆ మీటింగుకి వెళ్లకండి, వేరేదానికి వెళ్లండి. కొత్తగా వచ్చిన ఆడవాళ్ల వెంట పడేవాళ్లకి ఈ గ్రూపుల్లోనే ఒక ఎగతాళి పేరు ఉంది, "పదమూడో మెట్టు ఎక్కేవాడు" అని. పేరు ఉందంటే ఆ జబ్బు పాతదనే కదా. మీటింగు నడిపే మనిషికి చెప్పండి, చెప్పడం మీ తప్పు కాదు, వాళ్లు పట్టించుకోకపోతే ఆ గ్రూపు మీకు తగింది కాదు. ఆడవాళ్లకి మాత్రమే జరిగే మీటింగులు ఉన్నాయి, దగ్గర్లో లేకపోతే ఆన్‌లైన్‌లో తప్పకుండా దొరుకుతాయి, ఇంట్లో తెలియకూడదంటే ఇయర్‌ఫోన్స్ చాలు. విమెన్ ఫర్ సొబ్రైటీ అని ఆడవాళ్ల కోసమే పెట్టిన సంస్థ కూడా ఉంది. నంబర్లు ఆడవాళ్లవే తీసుకోండి.  స్పాన్సర్‌గా కూడా ఆడవాళ్లకి ఆడవాళ్లే ఉండాలని అక్కడా చెబుతారు.

మగవాడు తాగితే వ్యసనం, ఆడది తాగితే బరితెగింపు అనే లోకంలో మీరు ఆ మీటింగులో గంటసేపు ఒక్కరే కూర్చున్నారు. నేను చెప్పు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నదానికన్నా అది చాలా ఎక్కువ పని. 1939లో అమెరికాలో మార్టీ మాన్ అనే ఆవిడ ఇలాగే మగవాళ్ల మధ్యకి వెళ్లింది. తర్వాత, ఇది జబ్బు, సిగ్గుపడాల్సింది కాదని దేశమంతా తిరిగి చెప్పింది.

ప్రశ్న: అన్నయ్యకి డాక్టరు మాత్రలు రాశారు. గ్రూపులో ఒకాయన, మాత్రలు వాడితే అది మానినట్టు కాదన్నాడట, ఆపేశాడు. ఇంకో మాట, తాగితే వాంతులయ్యే మాత్ర ఉందట, తెలియకుండా తిండిలో కలిపి పెట్టమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు.

జవాబు: మన భాషలో తాగేదీ మందే, వేసుకునేదీ మందే, అందుకేనేమో ఆ గ్రూపు పెద్దమనిషి రెంటినీ కలిపేశాడు. ఏ సభ్యుడూ డాక్టరు అవతారం ఎత్తకూడదని ఏఏ తన కరపత్రంలోనే రాసుకుంది. తాగుడు మానడానికి డాక్టర్లు రాసే మాత్రల్లో నాల్‌ట్రెక్సోన్ అనేది తాగాలనే యావని, తాగితే వచ్చే మజాని తగ్గిస్తుంది. అకాంప్రోసేట్ మానేసినవాళ్లు మానేసినట్టే ఉండటానికి సాయపడుతుంది. మీటింగులకి ఇవి పోటీ కాదు, రెండూ కలిపి నడిపేవాళ్లు బోలెడుమంది. ఆపినా మొదలుపెట్టినా డాక్టర్ని అడిగే చేయమనండి.

తిండిలో కలపడం మాత్రం పొరపాటున కూడా చేయకండి. మీవాళ్లు చెబుతున్నది డైసల్ఫిరామ్. దాని మీద తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర వేసుకున్నానని తెలిసిన మనిషి గ్లాసు ముట్టడానికి భయపడతాడు, అది పని చేసేదే అలా. తెలియనివాడు మామూలుగా తాగేస్తాడు. పైగా సంగతి బయటపడిన రోజు నుంచి ఆయన ఇంట్లో ఎవరి చేతి తిండీ నమ్మడు.

ప్రశ్న: ఇవన్నీ మాటలే కదా. కూర్చుని కబుర్లు చెప్పుకుంటే తాగుడు పోతుందని రుజువు ఉందా? ఉంటే ఎన్నాళ్లు వెళ్లాలి?

జవాబు: ఉంది. కాక్రేన్ అని వైద్య పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టే సంస్థ 2020లో 27 అధ్యయనాలు, 10,565 మంది వివరాలు కలిపి చూసింది. మనిషిని ఏఏకి అలవాటు చేసే పద్ధతి ప్రకారం చికిత్స ఇచ్చినచోట, ఏడాది తర్వాత అసలు ముట్టకుండా ఉన్నవాళ్లు 42 శాతం. ఆలోచనా తీరుని మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ లాంటి ఇతర పద్ధతుల్లో 35 శాతం. తాగేవాళ్లు ఎంత తగ్గించారనే లెక్కలో పెద్ద తేడా లేదు. అంటే మంత్రం కాదు, కబుర్లూ కాదు. 42 మంది నిలబడ్డారంటే 58 మంది ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు తాగారనే కదా, అందుకే పైన ఏడు నెలలాయనకి అంత పొడుగు జవాబు రాశాను. ఎందుకు పని చేస్తుందంటే, నాకు తెలిసినంతలో, సాయంత్రం ఆరింటికి నన్ను పిలిచే మనుషులు మారారు. అంతకుముందు పిలిచేవాళ్లందరి దగ్గరా గ్లాసు ఉండేది.

ఎన్నాళ్లంటే, మొదట్లో 90 రోజుల్లో 90 మీటింగులు అంటారు. అందరికీ కుదరదు, కుదిరినన్ని వెళ్లండి, మొదటి మూడు నెలలు మాత్రం బద్ధకించకండి. నేను ఇప్పుడు వారానికి రెండు. ఒకదానికి ఇష్టంగా వెళ్తాను, రెండోదానికి వెళ్లాలి కాబట్టి వెళ్తాను.

ఈసారికి చోటు అయిపోయింది. చేతులు వణుకుతున్నాయని రాసినవారికి, డాక్టర్ని చూసి వచ్చాక ఒక కార్డు ముక్క రాసి పడేయండి. పేరు అక్కర్లేదు, మీ అక్షరాలు గుర్తుపడతాను.